వెనక సీట్లో డ్రైవరు

ఇందిర పెద్ద బండి కొనాలని అనుకున్నది నీళ్ల వల్ల. 2006 అక్టోబరులో కోడూరులోని పుట్టింటి నుంచి బందరుకు తిరిగి వస్తుంటే, అవనిగడ్డ దాటాక రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. ముందు వెళ్లిన లారీ దాటింది కదా అని ఆమె తన చిన్న కారును పోనిచ్చింది. సగం దూరంలో ఇంజను ఆగిపోయింది. తలుపు సందుల్లోంచి నీళ్లు లోపలికొచ్చి, వెనక కూర్చున్న అత్తగారు సౌభాగ్యమ్మ మోకాళ్లను ముంచేశాయి. డెబ్బై నాలుగేళ్ల మనిషి, రెండు మోకాళ్లూ అరిగిపోయిన మనిషి. ట్రాక్టరు వచ్చి లాగేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఆవిడ మందుల సంచీని ఒళ్లోంచి తీసి తల మీద పెట్టుకుని అలాగే కూర్చుంది.

ఇంట్లో కారు నడిపేది ఇందిర ఒక్కతే. ఆమె బందరులో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. భర్త సూర్యప్రకాశరావు ట్రెజరీ ఆఫీసులో పని చేస్తాడు. పెళ్లైన కొత్తలో స్కూటరు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాక ఆయన మళ్లీ ఏ బండినీ ముట్టుకోలేదు. నెలకోసారి సౌభాగ్యమ్మను విజయవాడ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లడం, పిల్లల్ని కోడూరు తిప్పడం, అన్నీ ఆరేళ్లుగా ఇందిర చేతి మీదే నడుస్తున్నాయి.

కోడూరులో తన వాటాకు వచ్చిన ఎకరన్నర పొలం అమ్మేశాక, ఆ డబ్బుతో ఎత్తైన బండి ఒకటి తీసుకుందామని ఆమె అంది. సూర్యప్రకాశరావు సరేనన్నాడు. మరీ పెద్దదీ మరీ చిన్నదీ కాని పెట్రోలు ఎస్‌యూవీ ఒకటి అప్పుడే విజయవాడ షోరూమ్‌కి వచ్చిందని పేపర్లో చూసింది ఇందిర. డీజిలు బండ్లను చూడను కూడా చూడనని ముందే చెప్పేసింది. పదకొండేళ్ల కూతురు కృష్ణప్రియకు డీజిలు వాసన తగిలితే పెడన దాటకముందే వాంతి అవుతుంది.

ఏం చూసుకోవాలో ఒక కాగితం మీద రాసుకుంది. అత్తయ్య ఎవరి సాయమూ లేకుండా ఎక్కి దిగగలగాలి. గంట ప్రయాణంలో కృష్ణప్రియకు వాంతి కాకూడదు. పదో తరగతిలోనే ఎత్తులో తండ్రిని మించిపోయిన కొడుకు సుధన్వ మోకాళ్లు ముందు సీటుకు గుచ్చుకోకూడదు. గొడుగుపేటలో తమ ఇంటి సందులోకి బండి వచ్చి తిరిగి వెళ్లగలగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, స్టీరింగ్ ముందు కూర్చుంటే బానెట్ చివర ఎక్కడుందో తనకు తెలియాలి.

మరుసటి ఏడాది జూన్‌లో ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ విజయవాడ వెళ్లారు. షోరూమ్‌లో కళ్యాణ్ అనే సేల్స్ కుర్రాడు ఎదురొచ్చి, సూర్యప్రకాశరావుకు చెయ్యిచ్చి, ఆయన చేతిలోనే బ్రోచర్ పెట్టాడు.

"రెండు లీటర్ల ఇంజను సార్. హైవే మీద మీరు నూట ఇరవైలో వెళ్తున్నా లోపల ఏం తెలీదు."

"నేను నడపనయ్యా. మా ఆవిడ నడుపుతుంది," అన్నాడు సూర్యప్రకాశరావు.

"చాలా సంతోషం సార్," అని కళ్యాణ్ ఇందిర వైపు తిరిగాడు. ముందు సీటు పైనున్న ఎండ తెరను కిందికి దించి చూపించాడు. "మేడమ్, ఇక్కడ అద్దం ఉంది. లైటు కూడా వెలుగుతుంది. మీకు మెరూన్ కలర్ బాగుంటుంది."

"గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత?" అని అడిగింది ఇందిర.

కళ్యాణ్ జవాబు చెప్పాడు. చెప్పింది మాత్రం సూర్యప్రకాశరావుకు.

టెస్ట్ డ్రైవ్ అన్నప్పుడు కూడా అంతే జరిగింది. కళ్యాణ్ నడిపాడు, సూర్యప్రకాశరావు పక్కన కూర్చున్నాడు, ఇందిర వెనక కూర్చుంది. ఏలూరు రోడ్డు మీద రెండు కిలోమీటర్లు పోయాక, ఇక నేను నడుపుతానంది. లైసెన్సు కూడా తీసి చూపించింది.

"ఈ బండి ఇన్సూరెన్స్ కాగితాలు ఇంకా మా చేతికి రాలేదు మేడమ్. ఈసారి వచ్చినప్పుడు తప్పకుండా ఇస్తాను."

వాళ్లు షోరూమ్‌కు తిరిగి రాగానే, ఎవరో పెద్దమనిషి అదే బండి తాళాలు తీసుకుని, కళ్యాణ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లిపోయాడు. ఇందిర అది చూసింది. బయటికి వచ్చాక భర్తతో అంది, "చూశారా?"

"ఆయన ఎవరో తెలిసినవాడై ఉంటాడులే," అన్నాడు సూర్యప్రకాశరావు.

ఆయన మంచివాడే. ఆయనతో వచ్చిన చిక్కల్లా, ఎవరు ఏమన్నా దానికి ఒక కారణం తనే వెతికి వాళ్ల చేతికిస్తాడు.

ఇంత పెద్ద వస్తువు కొనేటప్పుడు మధుసూదనరావు అన్నయ్యను అడగకపోతే బాగుండదని కూడా ఆయనే అన్నాడు. మధుసూదనరావు ఆయన పెదనాన్న కొడుకు. ముప్ఫై ఏళ్లు గుడివాడ బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ ఆయన చూసింది సిబ్బంది సెలవులూ ప్రమోషన్ల కాగితాలే అయినా, డిపో అంటే బస్సులు కదా, చుట్టాలందరికీ బండ్ల విషయంలో ఆయన మాటే చివరి మాట. ఎవరింట్లో మోపెడ్ కొన్నా ఆయన ఒకసారి చుట్టూ తిరిగి టైరు మీద కాలితో తన్నాల్సిందే.

మరుసటి ఆదివారం గుడివాడలో ఆయన వరండాలో కూర్చుని బ్రోచర్ మొత్తం తిరగేశాడు.

"పెట్రోలా? నీకేమైనా మతి పోయిందట్రా ప్రకాశం? లీటరుకి తొమ్మిది కూడా ఇవ్వదిది. నాలాగా డీజిలుది తీసుకో. పదిమంది ఎక్కొచ్చు."

"మేము అయిదుగురమే బావగారూ," అంది ఇందిర. "పైగా డీజిలు వాసన మా పాపకి పడదు."

"అవన్నీ అలవాటైపోతాయమ్మా. మా పిల్లలకి అవలేదూ? నాలుగుసార్లు వాంతి చేసుకుంటే అయిదోసారి ఊరుకుంటుంది."

ఆమె తన కాగితం తీసి చదివింది. ఆయన సగం విని, "ఎక్కడం దిగడం ఎవరైనా చూస్తారు, ఇంజను చూడాలి," అని లోపలికి కాఫీ కోసం కేకేశాడు. చివరికి ఒక తీర్పు చెప్పాడు. ఆ బండిని బందరు తెప్పించండి, నేను వచ్చి చూస్తాను, అప్పటిదాకా ఏమీ మాట్లాడొద్దు.

తిరుగు దారిలో ఇందిర చిన్న కారు నడుపుతోంది. సూర్యప్రకాశరావు అన్నాడు, "పెద్దాయన కదా. ఒకసారి చూసి సంతోషిస్తాడు. మనకి పోయేదేముంది?"

"ఒక పూట పోతుంది. ఆ పూట నాది," అంది ఇందిర.

ఆ తర్వాతి శనివారం పొద్దున ఎనిమిదింటికి కళ్యాణ్ వెండిరంగు బండితో గొడుగుపేట వచ్చాడు. సందు ఇరుకని, ఇంటి గుమ్మంలోంచి కనిపించేటట్టు మెయిన్ రోడ్డు మీదే ఆపాడు. అప్పటికే మధుసూదనరావు వచ్చి ఇడ్లీలు తిని సిద్ధంగా ఉన్నాడు. ఇందిర అత్తగారికి చీర సర్ది, చేతికర్ర అందించి, గుమ్మం దాకా నడిపించుకు వచ్చింది. అంతలోనే రోడ్డు మీద హారన్ మోగింది. మధుసూదనరావు డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. కళ్యాణ్ ఆయన పక్కన, సూర్యప్రకాశరావూ పిల్లలూ వెనక.

"పిన్నిని ఎందుకమ్మా కష్టపెట్టడం? బండి కొన్నాక ఎలాగూ ఎక్కుతుంది. నువ్వు రా, ఆలస్యమవుతోంది."

"బావగారూ, ఇవాళ నేను నడపాలండి."

"వచ్చేటప్పుడు నడుపుదువుగానీ. ముందు దీని సంగతేంటో నన్ను చూడనీ."

"ఇన్సూరెన్స్ వచ్చిందా?" అని ఆమె కళ్యాణ్‌ని అడిగింది. వచ్చింది మేడమ్ అన్నాడు అతను, ఆమె వంక చూడకుండా.

సౌభాగ్యమ్మ గుమ్మంలోనే కర్ర మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "వెళ్లిరా ఇందిరా. నేను లోపల కూర్చుంటాను," అంది. కట్టుకున్న మంచి చీర కుచ్చిళ్లు సవరించుకుంటూ వెనక్కి తిరిగింది. ఇందిర ఆ చీర వంక చూసింది. వెళ్లి వెనక సీట్లో భర్తకూ కూతురికీ మధ్య ఇరుక్కుని కూర్చుంది.

చల్లపల్లి దాకా అనుకున్న ప్రయాణం మోపిదేవి దాటింది, అవనిగడ్డ దాటింది. ఎస్‌యూవీ అంటే తారు రోడ్డు మీద నడిపేది కాదనీ, ఇసకలో దింపితే గానీ దాని సత్తా తెలియదనీ మధుసూదనరావు దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ప్రతి మలుపులోనూ బ్రేకు మీద నిలబడ్డట్టు నొక్కి, మలుపు తిరగ్గానే యాక్సిలరేటరు తొక్కాడు. కోడూరు చేరకముందే కృష్ణప్రియ తల్లి కొంగు పట్టుకుంది. బండి ఆపేలోపే వాంతి అయిపోయింది.

"చూశావా, పెట్రోలైనా డీజిలైనా ఒకటే. ఆ పిల్ల తత్వమే అంత," అన్నాడు మధుసూదనరావు.

ఇందిర కాలవ దగ్గర పాప మొహం కడుగుతూ ఉండిపోయింది. ఆమె రాసుకున్న వాటిలో ఒకటి తప్ప ఏదీ ఇంతవరకు చూడలేదు. చూసిన ఒక్కటీ తలకిందులుగా తేలింది. ఇక్కణ్ణించి పుట్టిల్లు అరకిలోమీటరు. పిల్లల్ని తీసుకుని దిగిపోయి, మీ బండి మీరు చూసుకోండి అనాలనిపించింది. పాప గుక్కెడు నీళ్లు తాగి, "అమ్మా, వెళ్లేటప్పుడు నువ్వు నడుపు," అంది. ఆ మాటకు మళ్లీ ఎక్కి కూర్చుంది.

హంసలదీవి దాటి సముద్రం కనిపించేసరికి పదకొండయింది. కళ్యాణ్ అప్పుడు నోరు విప్పాడు. "సార్, ఇది ముందు చక్రాలకే పవర్ ఉన్న మోడల్ సార్. నాలుగు చక్రాలది కాదు. ఇసకలో వద్దు సార్."

"మరి ఎస్‌యూవీ అని ఎందుకు రాశారయ్యా?" అంటూ మధుసూదనరావు బండిని తీరం మీదికి దించాడు.

నలభై గజాలు బాగానే పోయింది. తర్వాత ముందు చక్రాలు గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. ఆయన ఇంకా తొక్కాడు. బండి ముక్కు కిందికి కుంగింది. ఇసక అద్దాల మీదికి చిమ్మింది. అందరూ దిగి తోశారు. తోసిన ప్రతిసారీ ఆయన పూర్తిగా తొక్కడం, చక్రం ఇంకాస్త లోతుకు దిగడం. కళ్యాణ్ మొహం పాలిపోయింది. మేనేజరుకు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. ఫోను పైకెత్తి పట్టుకుని రోడ్డు వైపు పరుగెత్తాడు.

కాస్త దూరంలో వల బాగుచేసుకుంటున్న మత్స్యకారులు నలుగురు వచ్చారు. వాళ్లలో పెద్దవాడు గంగాధరరావు. పడవల్ని ఒడ్డుకు లాగే ట్రాక్టరు అతనిదే. వంగి చక్రాలు చూశాడు, తల తిప్పి సముద్రం చూశాడు.

"పోటు మొదలైందండి. ఇంకో గంటకి నీళ్లు ఇక్కడికి వచ్చేత్తాయి."

వాళ్లు చక్రాల వెనక ఇసక తోడి, పడవ కింద వేసే చెక్కలు తెచ్చి పరిచారు. టైర్లలో గాలి సగం తీశారు. ట్రాక్టరు తెచ్చి బండి వెనక మోకు కట్టారు. తాడు బిగిసేదాకా తొక్కవద్దని గంగాధరరావు రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ మధుసూదనరావు ముందే తొక్కాడు. రెండోసారి చెక్క ఒకటి ఎగిరి గంగాధరరావు కాలి పక్కన పడింది.

అతను ట్రాక్టరు ఆపేసి, కిటికీ దగ్గరికి వచ్చాడు. "బాబుగారూ, మీరు దిగండి. మీ కాలు మా మాట ఇంటంలేదు. ఇంకెవరికైనా నడపటం వచ్చా?"

సూర్యప్రకాశరావు ఇందిర వైపు చూశాడు. "ఈవిడకి వచ్చు. ఇంట్లో బండి నడిపేది ఈవిడే."

"మరి ఇందాకట్నించీ చెప్పరేంటండీ?" అన్నాడు గంగాధరరావు విసుగ్గా.

ఇందిర చెప్పులు విప్పి, సీటు ముందుకు జరుపుకుని కూర్చుంది. అద్దం తనకు కనిపించేలా తిప్పుకుంది.  రివర్స్ గేరు వేసి, క్లచ్ మీద కాలు ఉంచి, అద్దంలో గంగాధరరావు చెయ్యి కోసం చూసింది. తాడు బిగిసింది. చెయ్యి లేచింది. ఆమె క్లచ్ కొద్దికొద్దిగా వదులుతూ యాక్సిలరేటరు మీద కాలు ఆనించింది, అంతే. చక్రం చెక్క మీదికి ఎక్కుతున్నట్టు అరికాలికి తెలిసింది. బండి ఒక్క కుదుపు ఇచ్చి వెనక్కి వచ్చేసింది. గట్టి నేల తగిలేదాకా ఆమె ఆపలేదు.

మధుసూదనరావు ప్యాంటుకు అంటిన ఇసక దులుపుకుంటూ వచ్చి డ్రైవర్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"వెనక కూర్చోండి బావగారూ," అంది ఇందిర. తాళం తీయలేదు. తలుపు తెరవలేదు.

ఆయన ఒక్క క్షణం తమ్ముడి వంక చూశాడు. సూర్యప్రకాశరావు సముద్రం వంక చూస్తున్నాడు.

రోడ్డు మీద కళ్యాణ్‌ని ఎక్కించుకుని, కోడూరులో టైర్లలో గాలి కొట్టించుకుని బయల్దేరారు. ఎంత కోపంలో ఉన్నా ఆ బండి నచ్చిందని ఇందిర ఒప్పుకోక తప్పలేదు. ఎత్తులోంచి రోడ్డు అంతా కనిపిస్తోంది. బానెట్ చివర పది నిమిషాల్లో అంచనాకు అందింది. గోతుల్లో బండి అడుగు నేలకు తగలలేదు. వెనక ఇరుక్కుని కూర్చున్నా సుధన్వ మోకాళ్లు ముందు సీటుకు తగలలేదు. కృష్ణప్రియ మోపిదేవి దగ్గర నిద్రపోయి బందరులో లేచింది. ఇంటి సందులోకి అద్దాలు మడిచి తీసుకువచ్చి, ఎదురింటివాళ్ల అరుగు పక్కన నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పితే బండి తిరిగింది కూడా.

"అత్తయ్యా, రండి," అని పిలిచింది.

సౌభాగ్యమ్మ పొద్దున కట్టిన చీరతోనే వచ్చింది. తలుపు పట్టుకుని కుడికాలు ఎత్తింది. పొట్టి మనిషి. పాదం బండి గడప అంచుకు జానెడు కిందే ఆగిపోయింది. ఎడమకాలితో చూసింది. మధుసూదనరావు, కళ్యాణ్ చెరో పక్కా వచ్చి ఎత్తి కూర్చోబెట్టబోయారు.

"వద్దురా మధూ, దించు. బస్తాను ఎక్కించినట్టు ఎక్కించొద్దు." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్టోబరు నీళ్లలో కూడా రాని కన్నీళ్లు అవి.

ఇందిర ఆవిడను అరుగు మీద కూర్చోబెట్టింది. తర్వాత కళ్యాణ్‌తో అంది, "ఈ బండి మాకు పనికిరాదు."

మధుసూదనరావుకు కోపం వచ్చింది. "అదేంటి? ఇంజను బ్రహ్మాండంగా ఉంది. నేనే తీసుకోమందామనుకుంటున్నా. ఇన్ని రోజులు అదే కావాలని కూర్చుని, తీరా అందరం ఊఁ అన్నాక వద్దంటావా? ఆడవాళ్లతో ఇదే గొడవ."

"నా కోసం మానకు ఇందిరా," అంది సౌభాగ్యమ్మ. "నేను నెలకోసారి ఎక్కేదాన్ని. ఆ చిన్న కారులో ఎలాగో సర్దుకుంటాను."

"మీరు సర్దుకోవడం చూడలేకే కదత్తయ్యా నేను వెతికేది."

కళ్యాణ్ ఫైలు గుండెలకు ఆనించుకుని సూర్యప్రకాశరావు వైపు అడుగు వేశాడు. "సార్, మీరు ఒక మాట చెప్పండి సార్. ఏం చెయ్యమంటారు?"

సూర్యప్రకాశరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన ఏదో ఒక మెత్తని కారణం వెతుకుతాడని ఇందిర అనుకుంది. "నన్నడగొద్దు. మొదటి రోజే చెప్పాను నీకు. ఆవిడ్ని అడుగు," అన్నాడు.

కళ్యాణ్ ఇందిర వైపు తిరిగాడు. అతని చొక్కా నిండా ఇసక. అప్పటికి ఆమెకు అతని మీద కోపం లేదు, అలసట మాత్రమే ఉంది.

"పక్కన మెట్టు బిగించే వీలుందా?"

"ఉంది మేడమ్. విడిగా వస్తుంది."

"అయితే మెట్టు బిగించిన బండి తీసుకురా. తలుపు పక్కన పట్టుకోవడానికి ఒక పిడి కూడా కావాలి. ఆవిడ తనంతట తను ఎక్కి, తనంతట తను దిగాలి. అది చూశాకే మిగతా మాటలు."

కళ్యాణ్ ఫైలు తెరిచి, జేబులోంచి పెన్ను తీసి అదంతా రాసుకున్నాడు. ఆమె చెప్పింది అతను రాసుకోవడం అదే మొదటిసారి.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం మెట్టు ఉన్న బండి వచ్చింది. మధుసూదనరావుకు ఈసారి ఎవరూ చెప్పలేదు. సౌభాగ్యమ్మ మొదటిసారి సగంలో ఆగిపోయింది. రెండోసారి కర్రను మనవడి చేతికిచ్చి, పిడి పట్టుకుని, మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి కాసేపు నిలబడింది. అక్కణ్ణించి నెమ్మదిగా సీటు మీదికి ఒరిగి, ఒక్కో కాలే లోపలికి లాక్కుంది. దిగడం అంతకంటే కష్టమైంది. దిగాక మాత్రం, "ఇంకోసారి ఎక్కుతానుండు," అంది. ఆగస్టులో బండి ఇంటికొచ్చింది. రంగు మెరూన్ కాదు.

నవంబరులో గుడివాడలో చుట్టాలింట గృహప్రవేశానికి అందరూ వెళ్లారు. భోజనాల దగ్గర మధుసూదనరావు గొంతు మూడు పంక్తుల అవతలికి వినిపిస్తోంది.

"షోరూమ్ వాడి మాటలు నమ్మి కొనే రకం కాదు నేను. హంసలదీవి ఇసకలో దింపి పరీక్ష చేశాను. అందులోంచి బయటికొచ్చింది కాబట్టే మా ప్రకాశాన్ని తీసుకోమన్నాను."

ఇందిర ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపింది. ఆమె పక్కనున్న ఆడవాళ్లు, "మీ బావగారు ఉండబట్టి సరిపోయింది ఇందిరా," అన్నారు.

"ఇసకలోంచి తీసింది ఇందిర, అన్నయ్యా," అన్నాడు సూర్యప్రకాశరావు అటు పంక్తిలోంచి. పెద్దగా అనలేదు గానీ అన్నాడు.

"ఆఁ, అవునవును. స్టీరింగ్ పట్టుకుంది. ట్రాక్టరు లాగింది కదూ," అని మధుసూదనరావు పెరుగు వడ్డించేవాణ్ణి పిలిచాడు. మాట పక్కకు పోయింది.

తిరుగు దారిలో సౌభాగ్యమ్మ వెనక సీట్లో కునుకు తీసింది. గుడివాడ దాటి చాలా దూరం వచ్చాక సూర్యప్రకాశరావు గొంతు సవరించుకున్నాడు.

"నేను చెప్పాను కదా. విన్నావా?"

"విన్నాను. ఒక్కసారి చెప్పారు."

ఎదురుగా వరి మోపులతో ఒక ట్రాక్టరు రోడ్డంతా ఆక్రమించుకుని వస్తోంది. ఇందిర వేగం తగ్గించి, ఎడమ చక్రాల్ని మట్టిలోకి దించి దానికి దారి ఇచ్చింది. తర్వాత గేరు మార్చి మళ్లీ రోడ్డెక్కింది.